కాలిన గాయాల మందు పరీక్ష: ‘త్వరగా’ అన్న మాటలో లోపించిన ‘కంటే’

వ్యాససంగ్రహం:

కాలిన గాయాలను త్వరగా మానుస్తుందని చెప్పే మందును ఏ విధంగా పరీక్షిస్తారు, ఆ పరీక్షాఫలితాన్ని ఎట్లా చదవాలి అన్నవి ఈ వ్యాసంలోని ప్రధానాంశాలు. సిల్వర్ సల్ఫాడయజీన్, ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, తేనె అనే మూడింటిపై జరిగిన పరీక్షలను ఆధారం చేసుకొని, ‘త్వరగా’ అన్న మాటకు ‘దేనికంటే’ అన్న ప్రశ్నతోనే అర్థం ఏర్పడుతుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరీక్షలో పాల్గొనే రోగికి ఇచ్చే తెలుగు సమాచారపత్రంలో ఆ ‘కంటే’ జారిపోయే తీరును చివరి భాగం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాలిన గాయాలు, మందు పరీక్ష, యాదృచ్ఛిక కేటాయింపు, గాయం మానడం, సమ్మతిపత్రం, తారతమ్యవాచకం, వైద్యానువాదం.

1. ఉపోద్ఘాతం:

“కాలిన గాయం త్వరగా మానుతుంది” అన్న వాక్యం మందుల ప్రకటనలలోను, పత్రికల ఆరోగ్యశీర్షికలలోను తరచుగా కనిపిస్తుంది. వ్యాకరణరీత్యా అది సంపూర్ణవాక్యమే. పరిశోధనరీత్యా మాత్రం అందులో ఒక మాట లోపించింది. దేనికంటే త్వరగా? మందేదీ వేయకుండా వదిలేస్తే పట్టే కాలం కంటేనా, ఇప్పటిదాకా వాడుతున్న మందుతో పట్టే కాలం కంటేనా? ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానాన్ని బట్టి ఒకే మందు ఒకచోట అద్భుతంగాను, మరొకచోట నిష్ప్రయోజనంగాను తేలవచ్చు. అట్లా తేలిన సందర్భం ఒకటి ఈ వ్యాసంలో వివరంగా వస్తుంది.

ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం కాలిన గాయాల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 1,80,000 మంది మరణిస్తున్నారు. భారతదేశంలో ఏటా 10 లక్షలకు పైగా ప్రజలు ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారని కూడా ఆ సంస్థ చెబుతున్నది. ఇంత విస్తృతమైన బాధకు కొత్త మందు కనుగొనే ప్రయత్నాలు జరగడం, వాటిని మనుషులపై పరీక్షించవలసి రావడం సహజం.

ఇందులో తెలుగు అధ్యాపకునికి ఏమి పని అన్న సందేహం రావచ్చు. మన దేశంలో 2019లో అమలులోకి వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, పరీక్షలో పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో, సాంకేతికభారం లేకుండా సమాచారాన్ని అందించి సమ్మతి తీసుకోవాలి. పరీక్షకు అనుమతినిచ్చే నైతికసంఘంలో వైద్యేతరుడైన సామాన్యసభ్యుడు ఒకరైనా ఉండాలి. సమాచారపత్రాలను అనువదించిపెట్టమని, సరిచూడమని తెలుగుశాఖలకు కాగితాలు రావడం కొత్తేమీ కాదు. వచ్చిన కాగితంలోని ఆంగ్లవాక్యం వెనుక ఏ పరీక్షావిధానం ఉన్నదో తెలియకుండా చేసే అనువాదం ఎంత అందంగా ఉన్నా రోగికి ఉపకరించదు.

2. కాలిన గాయం స్వరూపం:

చర్మంలో పైన పలుచని బాహ్యచర్మం, దాని కింద మందమైన అంతశ్చర్మం ఉంటాయి. బాహ్యచర్మం మాత్రమే కమిలితే కొద్దిరోజులలో దానంతటదే సర్దుకుంటుంది. వేడి అంతశ్చర్మం పైభాగం వరకు చేరితే బొబ్బలెక్కుతాయి, రసి కారుతుంది, నొప్పి తీవ్రంగా ఉంటుంది. అంతశ్చర్మం లోపలిదాకా దిగితే నరాల కొసలు కూడా దెబ్బతిని, కొన్నిసార్లు నొప్పే తెలియదు. చూసేవారికి ‘బాధ లేదు కదా’ అనిపించే గాయమే అన్నిటికంటే లోతైనది కావచ్చు.

కొత్త చర్మం ఎక్కడినుంచి వస్తుందన్నది ఇక్కడ ముఖ్యమైన విషయం. గాయం అంచులనుంచే కాక, అంతశ్చర్మంలో మిగిలి ఉన్న వెంట్రుక కుదుళ్ళ నుంచి, స్వేదగ్రంథుల నాళాలనుంచి కూడా బాహ్యచర్మకణాలు పైకి వచ్చి పరుచుకుంటాయి. కుదుళ్ళు ఎక్కువగా మిగిలితే గాయం తొందరగా కప్పుకుంటుంది. అవి కూడా కాలిపోతే అంచులనుంచి పాకడమే గతి. అందుకే లోతైన గాయాలకు శరీరంలోని మరోచోటినుంచి చర్మం తీసి అతకవలసి వస్తుంది.

కాలిన మొదటి గంటలో చూసిన లోతు మూడోరోజుకు అట్లాగే ఉండదు. బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన డగ్లస్ జాక్సన్ అనే శస్త్రవైద్యుడు 1953లో కాలిన గాయాన్ని మూడు వలయాలుగా వివరించాడు. నడుమ చచ్చిపోయిన వలయం, దాని చుట్టూ రక్తప్రసారం మందగించిన వలయం, వెలుపల ఎర్రబడిన వలయం. నడిమి వలయానికి చేయగలిగింది లేదు. వెలుపలి వలయం ఎట్లాగూ కోలుకుంటుంది. రెండింటి మధ్యనున్న వలయం బతకడమా చావడమా అన్నది మొదటి రెండు మూడు రోజులలో తేలుతుంది. కాలిన వెంటనే 20 నిమిషాలపాటు పారే చల్లని నీటి కింద పెట్టినవారికి, మన ఇళ్ళలో అలవాటైన విధంగా సిరా, దోసెల పిండి, టూత్‌పేస్ట్ పూసుకొని వచ్చినవారికి ఈ మధ్యవలయం ఒకే తీరుగా ఉండదు. మందు ఇంకా రంగంలోకి రాకముందే ఫలితం సగం నిర్ణయమైపోయి ఉంటుంది. ఆసుపత్రికి వచ్చేలోపు ఏమి చేశారో నమోదు చేయని పరీక్ష మందునే కొలిచిందో, కుళాయినీటిని కొలిచిందో చెప్పడం కష్టం.

లోతును కంటితో చూసి చెప్పడం అనుభవజ్ఞులకు కూడా తేలిక కాదు. ముఖ్యంగా మధ్యరకం గాయాల విషయంలో వారి అంచనా సుమారు 60 నుంచి 75 శాతం సందర్భాలలోనే సరిపోతుందని వైద్యసాహిత్యంలో తరచుగా చెబుతారు. ఒక మందు వేసిన గుంపులో కాస్త పైపై గాయాలు, రెండో గుంపులో కాస్త లోతైన గాయాలు ఎక్కువగా పడితే మందు ప్రమేయం లేకుండానే ఒక గుంపు ‘త్వరగా’ మానుతుంది. ఎవరికి ఏ మందు అన్నది వైద్యుని ఇష్టానికి వదలకుండా చీటీ వేసినట్లు కేటాయించడం ఇందుకే. దీనినే యాదృచ్ఛిక కేటాయింపు అంటున్నాం. పాల్గొనేవారి సంఖ్య చిన్నదైతే ఈ చీటీ కూడా పూర్తిగా ఆదుకోదు.

అసలు ఈ వేగానికి ఇంత విలువ ఎందుకు? గాయం తెరిచి ఉన్నంతకాలం సూక్ష్మజీవులకు దారి తెరిచి ఉన్నట్లే. దానితోపాటు మచ్చ సంగతి ఉంది. ఇ.ఎ. డైచ్, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన పరిశీలనలో 14 నుంచి 21 రోజుల మధ్య మానిన చోట్లలో మూడోవంతు ఉబ్బెత్తు మచ్చలుగా మారగా, 21 రోజులు దాటి మానిన చోట్లలో 78 శాతం అట్లా మారాయి. మెడమీద, మోచేతి మడతలో అటువంటి మచ్చ పడితే అది కదలికనే బిగించేస్తుంది. కాబట్టి 23వ రోజున మానవలసిన గాయం 18వ రోజున మానితే ఆ ఐదురోజులకు జీవితకాలపు విలువ ఉంటుంది. 9వ రోజున మానవలసింది 8వ రోజున మానితే ఆ ఒక్కరోజు అంత విలువైనది కాదు. ‘ఎన్నిరోజులు తగ్గింది’ అన్న అంకెను ‘ఏ రోజునుంచి’ అన్న అంకెతో కలిపి చదవాలి.

3. వెండిమందు: అడగని ప్రశ్నకు ప్రమాణం

సిల్వర్ సల్ఫాడయజీన్ తెల్లని లేపనం. మన ఆసుపత్రులలో కాలిన గాయాల విభాగాన్ని చూసినవారికి అది పరిచితమే. దాని పుట్టుకను గమనించకపోతే తర్వాతి పరీక్షలన్నీ అపార్థమవుతాయి.

1960ల వరకు కాలిన గాయాల రోగులను ఎక్కువగా చంపింది సూక్ష్మజీవుల దాడి, అందులోను సూడోమోనాస్. 1965లో మోయర్, ఆయన సహచరులు 0.5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో తడిపిన కట్లు వాడి మంచి ఫలితాలు చూపారు. అయితే ఆ ద్రావణం తాకిన ప్రతిదాన్ని నల్లబరిచేది, శరీరలవణాల సమతుల్యాన్ని దెబ్బతీసేది. 1968లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ ఫాక్స్ వెండిని సల్ఫా మందుతో జోడించి సిల్వర్ సల్ఫాడయజీన్‌ను ప్రవేశపెట్టాడు. 1 శాతం లేపనంగా అది ప్రపంచమంతటా వ్యాపించింది.

ఆనాడు దాన్ని పరీక్షించినవారు అడిగిన ప్రశ్న ‘సూక్ష్మజీవులు అదుపులోకి వస్తాయా, రోగి బతుకుతాడా’ అన్నది. ‘చర్మం ఎన్నిరోజులకు పరుచుకుంటుంది’ అన్న ప్రశ్నకు సమాధానంగా ఈ మందు పుట్టలేదు. పైగా సూక్ష్మజీవులను చంపే వెండి, కొత్తగా పాకుతున్న చర్మకణాలకు కూడా హానికరమేనని ప్రయోగశాల పరిశోధనలు తర్వాత చూపాయి. ఈ లేపనం గాయంపై పసుపుపచ్చని పొరగా పేరుకొని, గాయం లోతును అంచనా వేయడాన్ని కూడా అడ్డుకుంటుంది. 2013లో వెలువడిన కొక్రేన్ సమీక్ష పైపై గాయాలకు, మధ్యరకం గాయాలకు వాడే కట్లపై జరిగిన 30 యాదృచ్ఛిక పరీక్షలను పరిశీలించి, పోల్చిన కట్లతో చూస్తే సిల్వర్ సల్ఫాడయజీన్ మానుదల ఫలితాలలో వెనుకబడే ఉన్నదని చెప్పింది. ఆ పరీక్షలలో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని కూడా చేర్చింది.

అయినా దశాబ్దాలుగా ఏ కొత్తమందు వచ్చినా దానికి పోటీగా నిలబెట్టింది ఈ తెల్లమందునే. వాడుకలో ఉన్న చికిత్సతో పోల్చడం నైతికంగా సమంజసమే, తప్పుపట్టవలసినది కాదు. కాని మెల్లగా నడిచేవానితో పరుగుపందెం పెట్టి గెలిచినవాణ్ణి వేగవంతుడని చాటితే, ఆ చాటింపులో ఓడినవాని పేరు కూడా వినిపించాలి.

4. వృద్ధికారకం: ఒకే మందుకు రెండు ఫలితాలు

ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను తెలుగులో బాహ్యచర్మ వృద్ధికారకం అనవచ్చు. దీని కథ చిట్టెలుకల కనురెప్పలతో మొదలవుతుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజలగ్రంథులనుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించగా, వాటి కనురెప్పలు మామూలు కాలం కంటే ముందే తెరుచుకున్నాయి, పళ్ళు ముందే మొలిచాయి. 1962లో ఆయన ఆ సారంలోని ప్రోటీన్‌ను వేరుచేసిన వివరాలను ప్రచురించాడు. 53 అమైనో ఆమ్లాల ఆ చిన్న ప్రోటీన్ బాహ్యచర్మకణాలను విభజన చెందమని ప్రేరేపిస్తుంది. ఈ కృషికి 1986లో ఆయనకు రీటా లెవీ మొంటల్చినితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. దెబ్బతగిలిన జంతువు గాయాన్ని నాకడం వెనుక లాలాజలంలోని ఇటువంటి పదార్థాల పాత్ర ఉండవచ్చునన్న ఆలోచన కూడా అప్పటినుంచి బలపడింది. మనిషికి మాత్రం గాయాన్ని నాకడం సూక్ష్మజీవులను ఆహ్వానించడమే.

చర్మకణాలను పెంచే ప్రోటీన్ దొరికితే దాన్ని కాలిన గాయంపై పూయాలన్న ఆలోచన రావడం సహజమే. 1989లో జి.ఎల్. బ్రౌన్, సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పరీక్ష ఈ విషయంలో మూలస్తంభం వంటిది. కాలిన గాయాలకో, ఇతర పునర్నిర్మాణ శస్త్రచికిత్సకో చర్మం అతకవలసిన 12 మంది రోగులను తీసుకున్నారు. ఒక్కొక్కరిలో చర్మం తీసిన చోట్లు రెండేసి ఎంచుకున్నారు. ఒకచోట సిల్వర్ సల్ఫాడయజీన్ లేపనం మాత్రమే, రెండోచోట అదే లేపనంలో మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల వృద్ధికారకాన్ని కలిపి పూశారు. ఏ చోట ఏది అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. వైద్యునికి గాని రోగికి గాని ఏది ఏదో తెలియదు. 12 మందిలోను వృద్ధికారకం కలిపిన చోటే ముందు మానింది. 25 శాతం, 50 శాతం మానడానికి పట్టే కాలం సుమారు ఒకరోజు, 75 శాతం, 100 శాతం మానడానికి పట్టే కాలం సుమారు ఒకటిన్నర రోజు తగ్గింది.

ఈ పరీక్ష నిర్మాణం మెచ్చుకోదగినది. ఒకే మనిషి శరీరంపై రెండు గాయాలను పోల్చడం వల్ల వయసు, పోషణ, మధుమేహం, పొగతాగే అలవాటు వంటి భేదాలన్నీ ఒక్కసారిగా తొలగిపోయాయి. చర్మం తీసే పరికరం ఒకే మందంలో కోస్తుంది కాబట్టి లోతు గురించిన చిక్కు కూడా లేదు. రెండు చోట్లా ఒకే తెల్లని లేపనం ఉన్నందున చూసి గుర్తుపట్టే అవకాశం లేదు. 12 అన్న చిన్నసంఖ్య ఇంత బలంగా మాట్లాడగలగడానికి కారణం ఈ జంట అమరికే.

అయితే ఈ శుభ్రతే దాని పరిమితి కూడా. చర్మం తీసిన చోటు కాలిన గాయం కాదు. అక్కడ చచ్చిన కణజాలం లేదు. జాక్సన్ చెప్పిన మధ్యవలయం లేదు. కుదుళ్ళన్నీ భద్రంగా ఉంటాయి. కాలిన రోగులు కూడా పాల్గొన్న పరీక్ష అన్నంతమాత్రాన అది కాలిన గాయాన్ని మాన్పిన పరీక్ష అయిపోదు. తర్వాతి ఉటంకింపులలో ఈ భేదం చెరిగిపోతుంటే గమనించి పట్టుకోవడం పరిశోధకుని పని. మూలవ్యాసం చెప్పనిది ఉటంకింపు చెప్పడం మన సాహిత్య పరిశోధనలోను అపరిచితమైన జాడ్యమేమీ కాదు.

రెండో పరిమితి ‘కంటే’కు సంబంధించినది. తగ్గిన ఒకటిన్నర రోజు సిల్వర్ సల్ఫాడయజీన్ ఒక్కటే పూసిన చోటు కంటే తగ్గినది. ఆ మందు చర్మకణాల నడకను మందగింపజేసేదైతే, వృద్ధికారకం సహజవేగాన్ని పెంచిందా, లేక తెల్లమందు వేసిన ముందరికాళ్ళ బంధాన్ని కొంత సడలించిందా? ఈ పరీక్ష ఆ రెండింటినీ విడదీయలేదు. విడదీయాలంటే వెండిలేని మామూలు కట్టు కట్టిన మూడోచోటు ఉండాలి.

1995లో ఐ.కె. కోహెన్, సహచరులు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద వ్యక్తుల చర్మంపై కొద్దిలోతు గాయాలు చేసి, ఇదే వృద్ధికారకాన్ని పూసి చూశారు. (ఎలుకపిల్లల కనురెప్పలను గమనించిన కోహెన్‌కు ఈయన ఇంటిపేరు మాత్రమే కలిసింది.) చర్మం పరుచుకునే వేగంలో పెరుగుదల వారికి కనిపించలేదు. ఆరేళ్ళ వ్యవధిలో ఒకే పదార్థంపై వచ్చిన ఈ రెండు ఫలితాలను పరస్పరవిరుద్ధాలని తోసిపుచ్చనవసరం లేదు. ఆరోగ్యవంతుని శరీరంలో గాయానికి కావలసిన వృద్ధికారకం ముందే తగినంతగా ఉత్పత్తి అవుతుంటే బయటినుంచి పూసింది నిండుకుండలో పోసిన నీరే. మానుదలకు ఎక్కడ ఆటంకం ఉన్నదో అక్కడే దాని ఉపయోగం కనిపించవచ్చు. ఇది ఈ వ్యాసకర్త చేస్తున్న అన్వయం. రెండు పరీక్షల గాయాలు, పూతపద్ధతులు ఒకటి కావు కాబట్టి మరో వివరణకు కూడా చోటుంది.

ఈ వృద్ధికారకానికి తెలుగునేలతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే భారత్ బయోటెక్ సంస్థ జన్యుసాంకేతిక పద్ధతిలో దీన్ని తయారుచేసి, ‘రీజెన్-డి’ పేరుతో జెల్‌గా విపణిలోకి తెచ్చింది. మధుమేహుల పాదాల పుండ్లకు కూడా దీన్ని వాడుతున్నారు. అటువంటి మొండిపుండు, కాలిన గాయం, చర్మం తీసిన చోటు అన్నవి మూడు వేరువేరు ప్రశ్నలు. ఒకదాని జవాబును మరొకదానికి అరువు ఇవ్వడం కుదరదు.

5. తేనె: పెద్ద అంకెలు, చిన్న సందేహం

సోలాపూర్‌లోని వైద్యకళాశాలలో పనిచేసిన ఎం. సుబ్రహ్మణ్యం 1991లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ప్రచురించిన పరీక్ష తేనెను కాలిన గాయాల చర్చలోకి మళ్ళీ తెచ్చింది. 104 మంది రోగులలో 52 మందికి తేనెలో తడిపిన గాజుగుడ్డ, 52 మందికి సిల్వర్ సల్ఫాడయజీన్ వాడారు. ఏడురోజులలో సూక్ష్మజీవులు అదుపులోకి వచ్చినవి తేనెగుంపులో 91 శాతం, రెండో గుంపులో 7 శాతం. 15 రోజులలో మానినవి తేనెగుంపులో 87 శాతం, రెండో గుంపులో 10 శాతం.

ఈ అంకెలను చూడగానే తేనె గొప్పదనిపిస్తుంది. చదువరి దృష్టి నిలవవలసింది మాత్రం ఆ 10 శాతం మీద. ఆ పరీక్షలోనివి పైపై గాయాలు. అటువంటి గాయాలు ఏ మందుతోనైనా రెండువారాల ప్రాంతంలో మానడం సాధారణం. తెల్లమందు గుంపులో పదింట తొమ్మిది 15 రోజులకు కూడా మానలేదంటే ఆ గుంపులో మరేదో జరిగి ఉండాలి. గాయాలు లోతైనవి కావచ్చు, సూక్ష్మజీవుల దాడి ఎక్కువై ఉండవచ్చు. పైగా తేనెకు, తెల్లని లేపనానికి రంగులోను వాసనలోను పోలిక లేదు కాబట్టి ఎవరికి ఏది వాడుతున్నారో కట్టు మార్చేవారికి తెలిసే ఉంటుంది. ‘మానింది’ అని నిర్ణయించే కన్ను ఆ ఎరుకకు అతీతమని అనుకోలేం.

తేనెపై 2015 కొక్రేన్ సమీక్ష ఈ సందర్భంలో చదవదగినది. మామూలు కట్లతో పోల్చినప్పుడు తేనె మధ్యరకం గాయాలను సగటున నాలుగున్నర రోజులకు పైగా ముందు మాన్పుతుందని, రెండు పరీక్షలలోని 992 మందిని ఆధారం చేసుకొని, ఆ సాక్ష్యాన్ని ఉన్నతశ్రేణిదిగా అది లెక్కించింది. సిల్వర్ సల్ఫాడయజీన్‌తో పోల్చినప్పుడు కూడా సుమారు ఐదురోజుల భేదమే కనిపించింది, కాని ఆ సాక్ష్యాన్ని అత్యల్పశ్రేణిలో పెట్టింది. రోజుల లెక్క దాదాపు ఒకటే, నమ్మకం లెక్క వేరు. ‘తేనె ఐదురోజులు ముందు మాన్పుతుంది’ అని ఒక్క వాక్యంలో చెప్పినవారు ఈ రెండో లెక్కను వదిలేసినట్లే. పరీక్షలలో వాడినది శుద్ధిచేసిన తేనె అని, అంగడిలో కొన్న సీసాలోనిది కాదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

6. ‘మానడం’ అంటే ఏమిటి?

తెలుగులో గాయం మానుతుంది, ఆరుతుంది, తగ్గుతుంది, పక్కు కడుతుంది, తోలు పడుతుంది. ఇవి పర్యాయపదాలు కావు. పక్కు కట్టిన గాయం అడుగున తెరిచే ఉండవచ్చు. ‘తగ్గింది’ అన్నప్పుడు నొప్పి తగ్గిందో, పుండు వైశాల్యం తగ్గిందో తెలియదు. అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకంలో గాయం పూర్తిగా మూసుకోవడమంటే చర్మం పరుచుకొని, స్రావం లేకుండా, కట్టు అవసరం లేకుండా ఉండడం. ఆ స్థితి రెండువారాల ఎడంతో వరుసగా జరిపిన రెండు పరిశీలనలలోను కనిపించాలి. ఈ నిర్వచనాన్ని మన మాటలలో చెప్పుకుంటే ‘తోలు పట్టి, రసి కారక, కట్టు అక్కరలేక, పదిహేనురోజుల తర్వాత చూసినా అట్లాగే ఉండడం’ అవుతుంది. ఇంటికి వెళ్ళిన రోగిని ఫోనులో ‘పుండు ఆరిందా’ అని అడిగి ‘ఆరింది’ అన్న జవాబును ‘మానింది’ అన్న గడిలో రాసుకుంటే ఆ పరీక్షలో భాషే దోషమవుతుంది.

జంతుపరీక్షలలో ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. మన ఔషధశాస్త్ర కళాశాలలలో ఆకుపసర్ల పరీక్షలు ఎక్కువగా ఎలుకలపై జరుగుతాయి. ఎలుక చర్మం కింద ఉండే పలుచని కండరపొర గాయం అంచులను దగ్గరికి లాగేస్తుంది. గాయం వైశాల్యం తగ్గుతుంది, కాని కొత్తచర్మం పుట్టడం వల్ల కాదు, ముడుచుకోవడం వల్ల. మనిషి చర్మం ప్రధానంగా కొత్తకణాలు పరుచుకొని మానుతుంది. ఈ విషయంలో పందిచర్మం మనకు చాలా దగ్గరిది. ఎలుకమీద 90 శాతం మూసుకున్న గాయాన్ని చూసి మనిషికి వాగ్దానం చేయడం తొందరపాటు.

7. రోగి చేతికి వచ్చే తెలుగు కాగితం:

ఆంగ్లంలో తారతమ్యం విశేషణరూపంలోనే ఇమిడి ఉంటుంది. పోల్చిన వస్తువును చెప్పకపోయినా ‘ఫాస్టర్’ అన్న రూపమే పోలిక ఉన్నదని సూచిస్తుంది. తెలుగు విశేషణానికి, క్రియావిశేషణానికి అట్లాంటి రూపభేదం లేదు. పోలికభారమంతా పోల్చిన నామానికి చేరే ‘కంటే’, ‘కన్నా’ల మీదే ఉంటుంది. ఆ నామాన్ని వదిలేస్తే ‘కంటే’ కూడా పోతుంది, దానితో పోలికే మాయమవుతుంది. ‘ఈ మందు గాయాన్ని త్వరగా మాన్పుతుందేమో తెలుసుకోవడానికి ఈ పరీక్ష’ అని రాస్తే, మందు వేయించుకుంటే త్వరగా మానుతుంది, లేకుంటే మానదు అని రోగి చదువుకుంటాడు. ‘ఇంకా’, ‘మరింత’ చేర్చినా లోటు పూర్తిగా తీరదు, దేనికంటే అన్నది చెప్పవలసే ఉంటుంది. ‘ఇప్పుడు అందరికీ వేస్తున్న తెల్లమందు కంటే ఈ మందుతో గాయం ముందుగా మానుతుందా, లేక తేడా ఏమీ ఉండదా అన్నది ఇంకా తెలియదు. అది తెలుసుకోవడానికే ఈ పరీక్ష’ అన్నది పొడుగైన వాక్యమే అయినా నిజమైన వాక్యం.

‘పరీక్ష’ అన్న మాటతోనూ ఇబ్బంది ఉంది. రక్తపరీక్ష, మూత్రపరీక్ష అలవాటైన రోగికి పరీక్ష అంటే తన శరీరానికి చేసేది. ఇక్కడ పరీక్షకు నిలబడేది మందు. ‘ప్రయోగం’ అంటే తనను ఎలుకను చేశారన్న భయం కలుగుతుంది. ‘చికిత్స’ అంటే తనకోసమే నిర్ణయించినదన్న భ్రమ కలుగుతుంది. ‘కొత్తమందు’లోని ‘కొత్త’ కూడా అమాయకమైన మాట కాదు. వీటిలో ‘మందు పరీక్ష’ మేలని, మొదటిసారి వాడినచోటే ‘మందు ఎట్లా పనిచేస్తుందో చూసే పరీక్ష’ అని విడమరచాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. యాదృచ్ఛిక కేటాయింపును ఆ పేరుతో రోగికి చెప్పడం నిరర్థకం. ‘చీటీ వేసినట్లు’ అన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన మాట.

కాలిన గాయాల విభాగంలో కాగితానికి మరో బరువు ఉంది. తీవ్రంగా కాలిన వ్యక్తి మంచం దగ్గరికి కొద్దిగంటల వ్యవధిలో చాలా కాగితాలు వస్తాయి. పోలీసుల విచారణకు సంబంధించినది, మేజిస్ట్రేటు నమోదు చేసే వాంగ్మూలం, శస్త్రచికిత్సకు అంగీకారపత్రం, వాటి నడుమ మందు పరీక్షకు సమ్మతిపత్రం. రోగి తరచుగా స్త్రీ. నొప్పి మందుల మత్తులో ఉంటుంది, పక్కన అత్తింటివారు నిలబడి ఉండవచ్చు. ఏ కాగితం దేనికో తెలియని స్థితిలో వేసిన వేలిముద్రను సమ్మతి అనడానికి మనస్సు ఒప్పదు. చదవలేని వ్యక్తి విషయంలో పరీక్షతో సంబంధంలేని సాక్షి ఉండాలని నియమాలు చెబుతున్నాయి. ఆ సాక్షి వినేది కూడా తెలుగువాక్యాన్నే. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన టీకా అధ్యయనంలో చాలా సమ్మతిపత్రాలపై వసతిగృహాల అధికారులు సంతకాలు చేశారన్న విషయం తర్వాత పార్లమెంటు స్థాయీసంఘం నివేదికకు ఎక్కింది. మందు వేరు, సందర్భం వేరు. కాగితం మీద సంతకం ఉండడానికీ మనిషి ఒప్పుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో మన ప్రాంతం ఒకసారి చూసింది.

అనువదించిన పత్రాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్పించి మూలంతో సరిపోల్చడం ప్రస్తుతం ఎక్కువగా అనుసరిస్తున్న పద్ధతి. ఇందులో ఒక లోపం ఉంది. ‘త్వరగా మానుతుంది’ అన్న తెలుగువాక్యాన్ని తిరిగి మార్చే విద్యావంతుడు సందర్భాన్ని బట్టి ‘ఫాస్టర్’ అనే రాస్తాడు. తెలుగులో జారిపోయిన పోలిక ఆంగ్లంలో మళ్ళీ ప్రత్యక్షమై, అనువాదం సరిగానే ఉన్నట్లు ధ్రువపత్రం వస్తుంది. దీనికంటే పత్రాన్ని చదివి వినిపించిన తర్వాత రోగితో గాని, పరీక్షతో సంబంధంలేని అదే స్థాయి చదువరితో గాని మూడు ప్రశ్నలకు సొంతమాటల్లో జవాబు చెప్పించడం మేలు. ‘ఈ మందును దేనితో పోల్చి చూస్తున్నారు?’ ‘మీరు వద్దంటే మీకు ఏ వైద్యం చేస్తారు?’ ‘మీకు రెండింటిలో ఏ మందు వేయాలో ఎవరు నిర్ణయిస్తారు?’ మూడో ప్రశ్నకు ‘చీటీలో వచ్చినట్లు’ అన్న అర్థంలో ఏదో ఒక మాట రావాలి. ‘డాక్టరుగారే నాకు ఏది మంచిదో చూసి వేస్తారు’ అన్న జవాబు వస్తే, సంతకం తీసుకోకముందే ఆ పత్రాన్ని మళ్ళీ రాయవలసి ఉంటుంది.